పేరడీ ఎక్కడ ఆగుతుంది, కాపీ ఎక్కడ మొదలవుతుంది?

వచ్చే సంచికలో పేరడీల పేజీ పెడదామని క్లబ్ మీటింగ్‌లో అనుకున్న దగ్గర్నుంచి మన వాట్సాప్ గ్రూప్‌లో ఒకటే ప్రశ్న తిరుగుతోంది. ఇంకొకరి కథ మీద మనం కథ రాస్తే అది మనదవుతుందా, లేక కేసవుతుందా? "కాలేజీ మ్యాగజైనే కదా, ఎవడు పట్టించుకుంటాడు" అని కొందరు. "ఎందుకొచ్చిన గొడవ, ఆ పేజీయే వద్దు" అని ఇంకొందరు. నాకు రెండూ నచ్చలేదు. మొదటిదాంట్లో నిర్లక్ష్యం ఉంది, రెండోదాంట్లో భయం ఉంది. రెండింటికీ కారణం ఒక్కటే, విషయం సరిగ్గా తెలియకపోవడం.

అందుకే సెమిస్టర్ సెలవుల్లో కూర్చుని కొన్ని తీర్పుల గురించి, కొన్ని పుస్తకాల గురించి చదివాను. నేను లా స్టూడెంట్‌ని కాదు, సీఎస్ఈ సెకండియర్. కాబట్టి దీన్ని న్యాయ సలహాగా కాకుండా, ఒక ఫ్రెండ్ రాసిచ్చిన నోట్స్‌లాగా చదవండి.

సులువుగా ఉండటానికి మూడు ఊహా కథలు తీసుకుందాం. వ్యాసమంతా వీటినే వాడతాను.

ఎ కథ: మధుబాబు గారి షాడో లాంటి ఒక గూఢచారి, పేరు 'నీడ'. మన హాస్టల్‌లో పోయిన బకెట్ కోసం పారాచూట్‌లో దిగుతాడు. ఏ దెబ్బా తగలని, ఏ తలుపూ ఆపలేని హీరో మెస్ క్యూ దగ్గర మాత్రం ఓడిపోతాడు.

బి కథ: సాక్షాత్తూ షాడోనే హీరో. వేళాకోళం ఏమీ లేదు. అచ్చం ఆ నవలల్లాగే ఇంకో సాహసం.

సి రచన: శ్రీశ్రీ గేయం ఒకటి తీసుకుని, అదే వరసలో, సగం మాటలు అవే ఉంచి, మిడ్ ఎగ్జామ్స్ మీద రాసిన పాట.

మూడింటినీ మనం పేరడీ అనే పిలుస్తాం. కానీ మూడూ ఒకటి కావు.

ఐడియా ఎవరిదీ కాదు

కాపీరైట్‌లో మొదటి పాఠం ఇదే. ఐడియా మీద హక్కు ఉండదు, ఆ ఐడియాని చెప్పిన తీరు మీదే హక్కు. మన భాషలో చెప్పాలంటే, క్విక్‌సార్ట్ అనే పద్ధతిని ఎవరైనా వాడుకోవచ్చు. నువ్వు టైప్ చేసిన ప్రోగ్రామ్ మాత్రం నీది. తెలుగులోనే చెప్పాలంటే, కంద పద్యం ఎవరి సొత్తూ కాదు, సీసం ఎవరి సొత్తూ కాదు. ముత్యాల సరం గురజాడ తెచ్చిన ఛందస్సు అని అందరికీ తెలుసు, అయినా తర్వాత ఎంతమంది కవులు అందులో రాశారో! ఛందస్సు దారి లాంటిది. ఆ దారిలో నువ్వు తోలిన బండి మాత్రమే నీది.

మన దేశంలో దీనికి పెద్ద ఉదాహరణ ఆర్.జి. ఆనంద్ కేసు. ఆయన 'హమ్ హిందుస్తానీ' అని ఒక నాటకం రాశారు. ఢిల్లీలో పక్కపక్కన ఉండే ఒక పంజాబీ కుటుంబం, ఒక మద్రాసీ కుటుంబం, వాళ్ల పిల్లల ప్రేమ, ప్రాంతీయాభిమానం వల్ల గొడవలు, ఇదీ విషయం. 1954లో ప్రదర్శించారు. దాని గురించి విన్న సినిమా వాళ్లు వచ్చి కథ చెప్పించుకున్నారు. ఆ తర్వాత 1956లో 'న్యూ ఢిల్లీ' అనే సినిమా వచ్చింది. అందులోనూ పంజాబీ, మద్రాసీ కుటుంబాలే, ప్రేమే, ప్రాంతీయాభిమానమే. ఆనంద్ గారు కోర్టుకెళ్లారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 1978లో తీర్పు వచ్చింది. ఆయన ఓడిపోయారు.

ఎందుకు? ఒకే ఐడియా మీద ఇద్దరు రాస్తే కొన్ని పోలికలు తప్పవు అంది కోర్టు. సినిమాలో ఇంటద్దె కష్టాలు, కట్నం సమస్య, బెంగాలీ కుటుంబం, ఇలా నాటకంలో లేనివి చాలా ఉన్నాయి. రెండూ చూసిన మామూలు ప్రేక్షకుడికి "ఇది దానికి కాపీయే" అనే ముద్ర స్పష్టంగా పడాలి, అప్పుడే ఉల్లంఘన. ఆ సినిమా వాళ్లు పద్ధతిగా నడుచుకున్నారా అంటే నా మనసు ఒప్పుకోదు. కానీ చట్టం అడిగే ప్రశ్న వేరు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

ఇప్పుడు ఎ కథ చూడండి. ఓడిపోని గూఢచారి అనేది ఐడియా. అది ఎవరైనా తీసుకోవచ్చు. షాడో నవల్లోని పేరాలు యథాతథంగా దించితేనే సమస్య.

హెర్లాక్ షోమ్స్ గారి సంగతి

నెట్‌ఫ్లిక్స్‌లో లూపిన్ సిరీస్ చూసే ఉంటారు. ఆ సిరీస్ హీరోకి ఆదర్శమైన ఆర్సెన్ లూపిన్‌ని సృష్టించింది మోరిస్ లెబ్లాంక్ అనే ఫ్రెంచ్ రచయిత, 1905లో. పెద్దమనిషి వేషంలో ఉండే దొంగ. ఇంగ్లండ్‌లో అప్పటికే షెర్లాక్ హోమ్స్ రాజ్యమేలుతున్నాడు. మా దొంగ గొప్పా, మీ డిటెక్టివ్ గొప్పా తేల్చేద్దామనుకున్నాడో ఏమో, 1906లో లెబ్లాంక్ తన కథలోకి హోమ్స్‌ని పేరుతో సహా దించేశాడు. ఆ కథలో లూపిన్ సాక్షాత్తూ హోమ్స్ వాచీనే కొట్టేస్తాడు.

ఆర్థర్ కానన్ డాయల్ వైపు నుంచి అభ్యంతరం వచ్చింది. లెబ్లాంక్ ఏం చేశాడు? పుస్తకంగా వేసేటప్పుడు రెండు అక్షరాలు అటూ ఇటూ మార్చాడు. షెర్లాక్ హోమ్స్ కాస్తా 'హెర్లాక్ షోమ్స్' అయ్యాడు. వాట్సన్ 'విల్సన్' అయ్యాడు. ఎవరో అందరికీ తెలుసు, అయినా పేరు వేరు. ఆ చిన్న మార్పే కథకి కొత్త వెటకారం తెచ్చింది. అభ్యంతరం చెప్పకపోయుంటే ఆ పేరులోని నవ్వు ఉండేదే కాదు.

దీన్ని చూసి పేరు మారిస్తే చాలు అనుకోకండి. వేరియబుల్ పేర్లు మార్చి ల్యాబ్ ప్రోగ్రామ్ సబ్మిట్ చేసినంత మాత్రాన అది మన ప్రోగ్రామ్ అవదు కదా. అది ల్యాబ్ మేడమ్ గారికీ తెలుసు, జడ్జి గారికీ తెలుసు.

తెలిసిందనడానికి తాన్యా గ్రాటర్ సాక్ష్యం. 2002లో రష్యాలో ద్మిత్రీ యెమెత్స్ అనే రచయిత ఒక నవల వేశాడు. అమ్మానాన్నల్ని దుష్ట మాంత్రికురాలు చంపేసిన అనాథ పిల్ల, మంత్రాల స్కూలు, కళ్లజోడు, నుదుటి మీద మచ్చకి బదులు ముక్కు మీద పుట్టుమచ్చ, చీపురుకి బదులు ఎగిరే పెద్ద వాయిద్యం. ఎవరికి పోలికో నేను చెప్పక్కర్లేదు. డచ్ అనువాదం వేయబోతుంటే హ్యారీ పాటర్ వైపు వాళ్లు ఆమ్‌స్టర్‌డామ్ కోర్టుకెళ్లారు. ఇది పేరడీ అని ఇటువైపు వాదన. 2003లో కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు, డచ్ ప్రచురణని ఆపేసింది.

దేన్ని చూసి నవ్వుతున్నాం?

మరి ఏది పేరడీ? ఈ ప్రశ్నకి నాకు దొరికిన అన్నిటికంటే స్పష్టమైన జవాబు అమెరికా సుప్రీంకోర్టు 1994లో ఇచ్చింది. రాయ్ ఆర్బిసన్ అనే గాయకుడి 'ఓ ప్రెటీ వుమన్' పాటని టూ లైవ్ క్రూ అనే ర్యాప్ బృందం వెటకారంగా మార్చి పాడింది. అనుమతి అడిగితే ఇవ్వలేదు, అయినా పాడారు. డబ్బులకి అమ్మారు కూడా. డబ్బు కోసం చేశారు కాబట్టి తప్పే అనలేమని కోర్టు తేల్చింది. ఆ తీర్పులో ఒక తేడా చెప్పారు. పేరడీ నవ్వేది మూలాన్ని చూసి, కాబట్టి మూలంలో కొంత తీసుకోక తప్పదు. వెక్కిరించాలంటే ఆ మొహం గుర్తుపట్టేలా ఉండాలి కదా! సెటైర్ నవ్వేది లోకాన్ని చూసి. లోకాన్ని చూసి నవ్వడానికి పక్కవాడి పాట ఎందుకు, నీ సొంత కాళ్ల మీద నిలబడొచ్చుగా అనేది వాళ్ల వాదన.

ఈ తేడా వల్ల దెబ్బతిన్న పుస్తకం కూడా ఉంది. డాక్టర్ సూస్ పిల్లల పుస్తకం 'ద క్యాట్ ఇన్ ద హ్యాట్' మన ఇంగ్లిష్ మీడియం వాళ్లలో చాలామంది చిన్నప్పుడు చూసే ఉంటారు. ఆ శైలిలో, ఆ బొమ్మల తరహాలో, ఓ.జె. సింప్సన్ హత్య కేసు మీద 'ద క్యాట్ నాట్ ఇన్ ద హ్యాట్' అని ఒక పుస్తకం తయారుచేశారు. 1997లో అమెరికా అప్పీల్ కోర్టు దాన్ని ఆపింది. ఇది సూస్ గారి పుస్తకం గురించి ఏమీ అనట్లేదు, ఆ పేరుని, ఆ టోపీని వాడుకుని జనం దృష్టి లాగుతోంది, అంతే అంది.

ఇప్పుడు మన సి రచనకి రండి. మిడ్ ఎగ్జామ్స్ మీద శ్రీశ్రీ వరసలో పాట. నవ్వు ఎవరి మీద? ఎగ్జామ్స్ మీద. శ్రీశ్రీ మీద కాదు. ఆ లెక్కన మూడింటిలో ఇదే బలహీనం. విచిత్రం ఏంటంటే, మన ఫ్రెషర్స్ డే నుంచి ఫేర్‌వెల్ దాకా స్టేజీ మీద పాడే పేరడీలు నూటికి తొంభై ఈ రకమే! మన కోర్టులు పేరడీ, సెటైర్ తేడాని అమెరికా కోర్టులా గీత గీసి చెప్పలేదనుకోండి, కానీ రాసేవాళ్లకి ఇది మంచి పరీక్ష. సి రచనని బాగుచేయడం కష్టం కాదు. వరస ఉంచండి, మాటలు మీవి వాడండి. ఇంకా మంచిది, గంభీరమైన విప్లవ గేయం స్వరంలో సప్లిమెంటరీ ఫీజు గురించి మాట్లాడితే ఆ గాంభీర్యం ఎలా వణుకుతుందో చూపించండి. అప్పుడు మూలం గురించి కూడా ఏదో అన్నట్టే.

ఎదురు కథ చెప్పే హక్కు

ఇంతవరకు నవ్వుల గురించే మాట్లాడాం. కానీ ఈ విషయంలో నన్ను నిజంగా ఆపి ఆలోచింపజేసింది నవ్వు కాదు.

మార్గరెట్ మిచెల్ 1936లో రాసిన 'గాన్ విత్ ద విండ్' అమెరికాలో విపరీతంగా అమ్ముడైన నవల. బానిసత్వం ఉన్న దక్షిణాదిని ఒక తీపి జ్ఞాపకంలా చూపిస్తుంది. నల్లజాతి పాత్రలు యజమానుల నీడల్లా ఉంటాయి. 2001లో ఆలిస్ రాండల్ అనే నల్లజాతి రచయిత్రి 'ద విండ్ డన్ గాన్' రాసింది. అదే ఇల్లు, అవే సంఘటనలు. కానీ కథ చెప్పేది ఆ ఇంట్లో బానిసగా పుట్టిన సినారా, హీరోయిన్ స్కార్లెట్‌కి సవతి చెల్లెలు. ఇందులో స్కార్లెట్‌కి పేరే లేదు, 'అదర్' అంటుంది, అంటే 'ఆ ఇంకో ఆమె'. ఎవరికి పేరుంటుంది, ఎవరికి ఉండదు అనే లెక్కనే తిప్పేసిందనమాట.

మిచెల్ వారసుల తరఫు వాళ్లు కేసు వేశారు. కింది కోర్టు పుస్తకాన్ని ఆపింది. అప్పీల్ కోర్టు ఆ ఆంక్షని ఎత్తేసింది. ఇది మూలాన్ని విమర్శించే పుస్తకం, ఆ విమర్శ చేయాలంటే ఆ పాత్రల్ని తాకక తప్పదు అంది. 2002లో ఇరువైపులా రాజీ కుదిరింది.

ఇలాంటిదే మన పక్కన కేరళలో జరిగింది. తోప్పిల్ భాసి 1952లో రాసిన 'నింగళెన్నె కమ్యూనిస్టాక్కి' నాటకం అక్కడ చాలా ప్రసిద్ధం. మీరు నన్ను కమ్యూనిస్టుని చేశారు అని అర్థం. 1990లలో సివిక్ చంద్రన్ దానికి ఎదురు నాటకం రాశారు, 'మీరు ఎవర్ని కమ్యూనిస్టుని చేశారు' అని అర్థం వచ్చే పేరుతో. పాత నాటకంలోని పాత్రల్ని, సంభాషణల్ని చాలానే వాడుకుని, అంత త్యాగం చేసిన దళితులు, శ్రామికులు చివరికి ఏమయ్యారు అని ప్రశ్నించారు. భాసి కుటుంబం కోర్టుకెళ్లింది. 1996లో కేరళ హైకోర్టు మూడు విషయాలు చూడమంది. విమర్శతో పోలిస్తే ఎంత తీసుకున్నారు? ఏ ఉద్దేశంతో తీసుకున్నారు? రెండోది మొదటిదానికి పోటీ వచ్చి దాని స్థానం ఆక్రమిస్తుందా? వీటిని బట్టి సివిక్ చంద్రన్ నాటకాన్ని ఆపడం కుదరదంది.

తెలుగులో మనకి ఈ అలవాటు కొత్తేం కాదు. రామాయణాన్ని మొల్ల రాసింది, విశ్వనాథ సత్యనారాయణ 'రామాయణ కల్పవృక్షం' రాశారు, రంగనాయకమ్మ గారు 'రామాయణ విషవృక్షం' రాశారు. ఆ చివరి రెండు పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క మాట మార్చి మొత్తం వాదన పేరులోనే పెట్టేశారు! ఒప్పుకుంటామా లేదా అన్నది వేరే విషయం. పాత కథని మళ్లీ చెప్పడం, తిప్పి చెప్పడం, ఎదిరించి చెప్పడం, మూడూ మన దగ్గర సాహిత్యమే.

మన చట్టం ఏమంటుంది

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, తర్వాత చాలాసార్లు సవరించారు. మనకి పనికొచ్చేవి క్లుప్తంగా:

హక్కు ఎంతకాలం? రచయిత బతికున్నంత కాలం, చనిపోయిన మరుసటి సంవత్సరం మొదటి నుంచి లెక్కేసి ఇంకో 60 ఏళ్లు. గురజాడ 1915లో పోయారు, కాబట్టి కన్యాశుల్కం అందరిదీ. గిరీశాన్ని మన క్యాంటీన్‌కి నిర్భయంగా పిలవొచ్చు. శ్రీశ్రీ 1983లో పోయారు, ఆయన రచనల మీద హక్కు 2043 చివరిదాకా ఉంటుంది.

పేరడీకి అనుమతి ఉందా? ఆ మాట మన చట్టంలో లేదు. బ్రిటన్ 2014లో పేరడీ కోసం విడిగా మినహాయింపు చేర్చుకుంది, మనం చేర్చుకోలేదు. మన 52వ సెక్షన్‌లో సొంత చదువు, పరిశోధన, విమర్శ, సమీక్ష, వార్తల కోసం న్యాయమైన మేరకు వాడుకోవచ్చని ఉంది. పేరడీ రాసేవాళ్లు నిలబడాల్సింది ఆ 'విమర్శ' అనే గదిలోనే. సివిక్ చంద్రన్ నిలబడింది అక్కడే.

పేరు రాస్తే చాలా? చాలదు. యూట్యూబ్‌లో 'క్రెడిట్స్ టు ఓనర్' అని పెడతారు చూడండి, అది మంత్రం కాదు. ఇక్కడ రెండు వేర్వేరు తప్పులు కలిసిపోతున్నాయి. చిలకమర్తి కథని నా పేరుతో వేసుకుంటే కాపీరైట్ గొడవ ఉండదు, ఆయన పోయింది 1946లో. కానీ అది దొంగతనమే. ఇవాళ్టి రచయిత నవలని ఆయన పేరుతోనే మొత్తం పీడీఎఫ్ చేసి గ్రూప్‌లో పెడితే అబద్ధం లేదు, కానీ ఉల్లంఘన ఉంది. ఒకటి నిజాయితీ సమస్య, ఇంకోటి హక్కు సమస్య.

ఈ హక్కు మనకీ ఉంది. కథ రాసిన క్షణమే కాపీరైట్ వస్తుంది, రిజిస్టర్ చేయించుకోవాల్సిన పనిలేదు. పోయినేడాది మన సంచికలో వచ్చిన ఒక కథని ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్లు రాసినవాళ్ల పేరు లేకుండా చదివేసుకున్నారు. కింద కామెంట్లలో అందరూ ఛానెల్ వాళ్లనే మెచ్చుకుంటుంటే మా ఫ్రెండ్ మొహం చూడాల్సింది. ఇది నేను రాశాను అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్‌లో విడిగా ఉంది. అందుకే "ఎవడు పట్టించుకుంటాడు" అనే మాట నాకు నచ్చదు. మనది పోయినప్పుడు మనం పట్టించుకున్నాం కదా!

సొంతం అంటే ఏంటి

కష్టపడి చేశాను కాబట్టి నాది అనుకుంటాం. కానీ 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు, ఉత్త శ్రమ చాలదు, కొంచెమైనా సృజన ఉండాలంది. అలాగని ఆకాశం నుంచి ఊడిపడాలనీ అనలేదు. 'కొంచెం' అనే మాట నాకు ధైర్యమిచ్చింది.

బి కథకి ఈ మాట పనికొస్తుంది. అందులో షాడో పేరు, అతని ప్రపంచం తీసేస్తే ఏం మిగులుతుంది? ఏమీ మిగలకపోతే అది ఇంకా కథ కాలేదు, అభిమానం మాత్రమే. ఏదైనా మిగిలితే ఆ మిగిలిందే మీ కథ. దాన్నే పెంచండి. 'ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే' కూడా 'ట్విలైట్' మీద ఫ్యాన్ ఫిక్షన్‌గా ఆన్‌లైన్‌లో మొదలై, పేర్లు మారి 2011లో పుస్తకమైంది. అది మంచి పుస్తకమా అనకండి, ఆ చర్చ ఇక్కడొద్దు.

ఇక నా సొంత అనుభవం ఒక్కటి. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం. తెలుగు సాహిత్యం అంటే నాకు దాదాపు ఖాళీ. క్లబ్‌లో చేరాక సీనియర్ అక్క ఒకరు జరుక్ శాస్త్రి పేరడీలు చదవమన్నారు. జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రి గారనమాట, తెలుగు పేరడీకి పెద్ద దిక్కు. చదివాను. అందరూ నవ్వుతున్నారు, నాకు నవ్వు రాలేదు. మూలం తెలియందే పేరడీ పేలదు. దాంతో లైబ్రరీకి వెళ్లి 'మహాప్రస్థానం' తెచ్చుకున్నాను. అది చదివి మళ్లీ పేరడీ దగ్గరికొస్తే అప్పుడు నవ్వొచ్చింది. ఒక పేరడీ కవి నన్ను శ్రీశ్రీ దగ్గరికి చెయ్యిపట్టి తీసుకెళ్లాడు. కాపీ ఈ పని చేయదు. మూలం ఉందన్న సంగతే అది దాచేస్తుంది. పేరడీ బతికేదే మూలాన్ని గుర్తుచేసి.

పంపేముందు అడుగుకోవాల్సినవి

మన పేజీకి రాసేవాళ్లు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలని నా అభిప్రాయం.

1. మూలం ఎవరిదో చదివేవాళ్లకి దాచకుండా తెలుస్తోందా?
2. నా రచన ఆ మూలం గురించి ఏమైనా అంటోందా, లేక దాని పేరు మాత్రం వాడుకుంటోందా?
3. గుర్తుపట్టడానికి కావలసినంతే తీసుకున్నానా? పూర్తి పేరాలు, పూర్తి చరణాలు దించానా?
4. నాది చదివినవాళ్లు ఇక మూలం చదవక్కర్లేదు అనుకుంటారా? అలా అనుకుంటే ఆగాలి. మూలం చదవాలనిపిస్తే పంపేయొచ్చు.

1969లో హార్వర్డ్ ల్యాంపూన్ అనే స్టూడెంట్ల హాస్య పత్రిక పేరు మీద ఇద్దరు కుర్రాళ్లు టోల్కీన్ నవలకి పేరడీగా 'బోర్డ్ ఆఫ్ ద రింగ్స్' రాశారు. యాభై ఏళ్లు దాటినా అది ఇంకా జనానికి గుర్తుంది. వాళ్లూ మనలాంటి కాలేజీ మ్యాగజైన్ నుంచే మొదలయ్యారు. కాబట్టి పేజీ వద్దనకండి. ఎ కథలు రాసి పంపండి, సి రచనలు ఇంకోసారి దిద్ది పంపండి, బి కథల్లో మిగిలిందేంటో వెతికి పంపండి. మీ అభిప్రాయం వేరైతే అదీ రాయండి, ఈ వ్యాసానికి పేరడీ రాసినా సరే. ఎంత వాడుకోవచ్చో పైన చెప్పేశాను!